కలాయి వేసిన గాలం

ఇట్లా నా మంచం దగ్గరికి జరుగు బిడ్డా. ఆ సంచీ తలుపు దగ్గర పెట్టి రా, అదెక్కడికీ పోదు. పొద్దున్నుంచి చూస్తున్నాను, రేపు సముద్రానికి పోతున్నామని నీ స్నేహితురాళ్లతో ఫోనులో ఒకటే ముచ్చట. కొత్త కర్ర కొన్నావు, దానికి గిర్రున తిరిగే చక్రం కొన్నావు, చేపపిల్లల్లాంటి రంగురంగుల బొమ్మలు కొన్నావు. బాగున్నాయి. కానీ వాటిని ఇంటికి తెచ్చాక ఎట్లా కడుగుతావని అడిగితే నవ్వావు చూడు, అందుకే పిలిచాను. నల్లగొండ జిల్లాలో గట్టు మీద పుట్టిన ముసలిదానికి సముద్రం సంగతి ఏం తెలుసని నీ నవ్వు. నా పెండ్లి ఒక గాలానికి వేలాడింది బిడ్డా. మీ తాత నాకు దొరికింది ఆ గాలంతోనే. విను, తర్వాత నవ్వుదువు.

మా నాయిన కురుమయ్య కూలి పని చేసేవాడు. నిజాం సర్కారు కాలం, ఇంకా పెద్ద యుద్ధం మొదలు కాలేదు. హాలియా నుంచి కృష్ణ దిక్కుకు పోతే మా ఊరు. కృష్ణ ఒడ్డు ఊరంటే నీళ్లు ఇంటి ముందుకు వస్తాయనుకోకు. నది ఎక్కడో కింద లోయలో పారుతుంది, ఊరు గట్టు మీద ఉంటుంది. కుండ నెత్తిన పెట్టుకుని రాళ్ల బాట ఎక్కితే సగం నీళ్లు చెమటగా పోయేవి. అందుకే మా ఇంట్లో చెంబెడు నీళ్లు పారబోసిన పిల్లకు ఆ పూట తిట్లే కూర.

పని లేని రోజున నాయిన గాలం కర్ర పట్టుకుని నదికి దిగేవాడు. అమ్ముకోవడానికి కాదు. చేప పడితే సంతోషం, పడకపోతే కూడా సంతోషమే. మా అమ్మ ఈదమ్మకు అదే మంట.

"నీళ్లకు మొఖం సూపెట్టి వచ్చినవా?" అనేది ఖాళీ చేతులతో వస్తే.

"నేను చేపలను సూడనీకి పోత, అవి నన్ను సూడనీకి వస్తయి. అంత కోపమెందుకే?" అనేవాడు నాయిన.

ఆయన వెంట తిరిగేది నేను. దారం పేనేదాన్ని, తుమ్మ చెక్క ఉడకబెట్టిన కషాయంలో ముంచి ఎండబెట్టేదాన్ని, అట్లా చేస్తే నూలు దారం నీళ్లలో తొందరగా కుళ్లదు. బెండుకు జొన్నదంటు లోపలి మెత్తటి ముక్క, బరువుకు గులకరాయి, ఎరకు వానపాము. కర్ర చివర మేకపిల్ల మెడలో కట్టే చిరుగంట. నాయిన కర్రలు ఇసుకలో గుచ్చి చెట్టు నీడన తువ్వాల పరుచుకుని పడుకునేవాడు. గంట మోగితే చేప. అంత సుఖమైన వేట మాది.

గాలాలు చేసిచ్చేది చోటే మియా. ఊరూరా తిరిగి ఇత్తడి, రాగి గిన్నెలకు కలాయి వేసేవాడు. చిలుము పట్టకుండా లోపల తగరం పూస్తారే, అది. మా ఊరికి వచ్చినప్పుడల్లా కొలిమి ఆర్పగానే నాయిన పక్కన వచ్చి కూర్చునేవాడు. ఇద్దరూ గంటల తరబడి నీళ్లను చూస్తూ మాట్లాడకుండా ఉండేవాళ్లు. అట్లాంటి స్నేహం మళ్లీ నేను చూడలేదు.

ఇక సముద్రం ఎక్కడిదంటావా. మా మేనమామ పేరు పర్వతాలు, ఆయన వయసులో ఉప్పు బండ్ల వెంట చినగంజాం దాకా పోయాడు. ఉప్పు తెస్తానని పోయినవాడు అక్కడే ఉండిపోయాడు. ఉప్పు పండించే కొఠార్లలో పని కుదిరింది, ఆ పక్క పిల్ల పుల్లమ్మను చేసుకున్నాడు, ఆమె వెంట చర్చిలో కలిశాడు, కొడుకు పుడితే ఏసోబు అని పేరు పెట్టుకున్నాడు. ఆ ఏసోబే మీ తాత.

ఒక యేడు పీర్ల పండుగకు మామ, బావ మా ఊరికి వచ్చారు. నదిలో నా దారం ముళ్లకంపకు చిక్కుకుంది. బావ ఏమీ అనకుండా వచ్చి కూర్చుని, ఒక్క పోగు తెంపకుండా చిక్కు తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దారం" అన్నాడు, అంతే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అమ్మకు అర్థమయింది. అమ్మ మామతో అన్నది, మామ సరేనన్నాడు, బావ తల దించుకుని నవ్వాడు. అడ్డం పడింది ఒక్క పుల్లమ్మ అత్తే.

"మా దగ్గర తాగే నీళ్లు ఎక్కడినుంచో కావిళ్లతో మోసుకురావాల. నది పక్కన పుట్టిన పిల్ల ధారగా వాడటం మరిగి ఉంటది. నెల తిరక్కముందే పుట్టింటి దారి పడద్ది. నా తమ్ముడి కూతురుంది, ఈ నేల అలవాటైన పిల్ల" అని అత్త కబురు చేసింది. మామ పట్టుబడితే ఒక మెట్టు దిగింది. "వాళ్లింటి ఆనవాయితీ ఏదో ఉందన్నావుగా. అది చేసి చూపించమను. చేస్తే ఒప్పుకుంటా. లేదంటే నా తమ్ముడి కూతురే" అన్నది.

ఆ ఆనవాయితీ ఏమిటంటే, మా ఇంట్లో పిల్లను ఏ నీళ్ల ఒడ్డుకు ఇస్తామో ఆ నీళ్లలో పిల్ల తండ్రి తన చేత్తో చేప పట్టాలి. ఆ పులుసు రెండు వైపులవాళ్లూ కలిసి తినాలి. అప్పుడే మాట ఖాయం. మా తాత హాలియా వాగులో పట్టాడు, మా పెద్దనాయిన ఒక చెరువులో పట్టాడు. మా నాయినకు సముద్రం వచ్చిపడింది.

నాయినకు మాత్రం ఫికరు లేదు. "నీళ్లు నీళ్లే, చేప చేపే" అన్నాడు.

చోటే మియాకు చెబితే ఆయనకు మా కంటే హుషారు ఎక్కువైంది. "కురుమన్నా, ఆ గాలాలన్ని ఇటు దే. పెండ్లి మాటకు పోతున్నవ్, నల్లటి గాలాలు పట్కపోతవా? కలాయి ఏస్త."

"గాలాన్ని చేప జూస్తది గని వియ్యపురాలు జూస్తదా సాయిబూ?"

"ఎవరు జూస్తరో ఎవరికెరుక. మర్యాద మర్యాదే."

కొలిమి ఊది, గాలాలు వేడి చేసి, నవసాగరం అద్ది, తగరం పూసి, దూదితో తుడిచాడు. మల్లెమొగ్గల్లా తెల్లగా మెరిశాయి. ఆఖరున సంచిలోంచి ఒక పెద్ద గాలం తీశాడు. నా బొటనవేలంత మందం కాకపోయినా చూడటానికి అట్లాగే ఉంది. దానికీ కలాయి వేశాడు.

"గిదేంది? బావిల పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగెనా?" అన్నాడు నాయిన.

"సముద్రం పెద్దదంటరు గద. గందుకే పెద్దగ చేసిన" అన్నాడు చోటే మియా. ఆయన కూడా సముద్రం చూసినవాడు కాదు.

నాయిన దాన్ని మొహమాటానికి తీసుకున్నాడు. దారిలో నాతో, "గిది నలుగురిట్ల తియ్యకు బిడ్డా, ఇజ్జత్ పోతది" అన్నాడు.

పుట్టి ఎక్కి కృష్ణ దాటాలి. అవతల ఇంగ్లీషు సర్కారు. ఇవతలి ఒడ్డున నిజాం సర్కారు కరోడ్‌గిరి నాకా, అంటే సుంకాల చౌకీ. అక్కడి జవాను జాఫర్ మా మూటలు విప్పించి, గుడ్డతో మూతి కట్టిన కుండను చూశాడు.

"ఏమున్నది గిండ్ల?"

"వానపాములు సాబ్."

జాఫర్ గుడ్డ విప్పి, చూసి, మళ్లీ తానే కట్టాడు. "ఎక్కడికి దీస్కపోతున్నవ్ వీటిని?"

"సముద్రానికి. ఏమన్న పన్ను ఉన్నదా?"

జాఫర్ గడ్డం గోక్కున్నాడు. "పాములకైతే లేదు. మట్టికి ఉన్నదేమో అడగాలె. అడిగితే పొద్దుమూకుతది. పో, వాపసొచ్చేటప్పుడు ఎండుచేప తే, గది సాలు."

మాచర్లలో రైలెక్కాము. ఆ కుండ నాయిన ఒళ్లోనే. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి అందులో ఏముందని అడిగితే "పెండ్లి సామాను" అన్నాడు నాయిన. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని గుంటూరు దాకా కిటికీలోంచే చూసింది.

చినగంజాంలో దిగితే ఎక్కడ చూసినా తెల్లటి ఉప్పు కుప్పలు. అత్త వాకిట్లో కాళ్లకు నీళ్లిచ్చింది, చిన్న చెంబుతో, కొలిచినట్టు. మనిషి పొట్టి, మాట పొడుగు. కుండ చూసి "నెయ్యా అన్నయ్యా?" అన్నది.

"ఎర చెల్లె. మా ఊరి వానపాములు."

అత్త పెదాలు బిగించుకుని లోపలికి పోయింది. లోపల ఆమె నవ్వు వినిపించింది. మా మూటకు చీమలు పడతాయని పైన వాసానికి వేలాడదీయాలి. మామూలు కొక్కెం లేదు. నేను ఆ పెద్ద గాలాన్ని తీసి వాసానికి తాడుతో కట్టి మూట తగిలించాను. ఇజ్జత్ పోకుండా పనికొచ్చింది కదా అనుకున్నాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దలు వస్తారు. ఆ లోపల చేప పడాలి. శుక్రవారం పొద్దున్నే అందరమూ సముద్రానికి పోయాము. మొదటిసారి చూసినప్పుడు ఏమనిపించిందని అడుగుతావేమో. నాకు అనిపించింది ఒక్కటే, ఇన్ని నీళ్లుండి ఒక్క గుక్క తాగడానికి లేదే అని.

నాయిన వానపామును గుచ్చి విసిరాడు. కాసేపాగి తీస్తే అది పాలిపోయి వడలిపోయిన తీగలా ఉంది. ఇంకొకటి గుచ్చాడు, అదీ అంతే. మట్టిలో పుట్టిన పురుగు ఉప్పు నీళ్లలో ఎట్లా బతుకుతుంది బిడ్డా? రైలులో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కుండ అది. ఇక గులకరాయి సంగతి. నదిలో అది అడుగున కూర్చుంటుంది. ఇక్కడ ప్రతి అలా దాన్ని దొర్లించి మళ్లీ నాయిన కాళ్ల దగ్గరికే తెచ్చింది. విసరడం, అది తిరిగి రావడం. ఒడ్డున కూర్చున్న అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అల నీతో ఆడుకుంటుంది మామా" అన్నాడు బావ.

"ఆడనీ. నేనూ ఆడనీకే వచ్చిన" అన్నాడు నాయిన. కానీ గొంతులో మునుపటి సుఖం లేదు.

సాయంత్రం ఎవరో రొయ్యలిస్తే అవి గుచ్చాడు. ఏదో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తీసి చూస్తే మల్లెమొగ్గ లాంటి గాలం సూదిలా తిన్నగా సాగిపోయి ఉంది. నాయిన దాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని చూశాడు.

శనివారం మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి. పొద్దున్న నుంచి ఏమీ పడలేదు. నాయిన తన రెండు కర్రలనూ నీళ్ల అంచున ఇసుకలో గుచ్చాడు. మిగిలిన గాలాల డబ్బా, దారం ఉండ అన్నీ కర్రల దగ్గరే పెట్టి, చిరుగంటలు కట్టి, సరుగుడు చెట్ల నీడకు వచ్చి సద్ది తిని తువ్వాల పరుచుకున్నాడు. కృష్ణ దగ్గర పుట్టి పెరిగినప్పటి నుంచి చేసిన పనే. నాకూ తప్పని తోచలేదు. నది పొద్దున ఎక్కడ ఉంటే మధ్యాహ్నమూ అక్కడే ఉంటుంది కదా.

ఒళ్లు కాస్త వాలిందో లేదో గంట మోగింది. ఆగకుండా మోగింది. రెండో గంట కూడా మోగింది.

"పడ్డది. రెండిట్లకు పడ్డయి" అంటూ నాయిన ఉరికాడు. మేమూ ఉరికాము. పోయి చూస్తే కర్రలు గుచ్చిన చోట ఇసుక లేదు, నీళ్లున్నాయి. డబ్బా లేదు. కర్రలు రెండూ పక్కపక్కన తేలుతూ, గంటలు మోగించుకుంటూ, ఊరేగింపుగా లోపలికి పోతున్నాయి. బావ ఛాతీలోతు నీళ్ల దాకా పోయాడు. అందలేదు. చాలా దూరం పోయేదాకా ఆ చిరుగంటలు వినిపించాయి.

నాయిన అట్లాగే నిలబడ్డాడు. "నీళ్లెందుకు కదిలినయి?" అన్నాడు.

"రోజూ కదుల్తాయన్నయ్యా. ఎక్కుతాయి, దిగుతాయి" అన్నది అత్త.

"సెప్పకపోతివి చెల్లె."

"అడగలేదుగా."

అది ఎగతాళి కాదు, నిజమే. మేము అడగలేదు. అడగాలని తెలిస్తే కదా.

ఇసుకలో కూర్చున్నాడు నాయిన. అమ్మ ఎప్పుడూ అనే మాటలు కూడా అనలేదు, దానికే నాకు భయం వేసింది. బావ నా పక్కకు వచ్చి మెల్లగా, "బజారులో బతికున్న చేప దొరుకుద్ది. చీకటి పడ్డాక నీళ్లలో వదిలి..." అంటున్నాడు.

"నాయిన చెయ్యి పెట్టి జూస్తే చేప ఎక్కడిదో చెప్తడు. నువ్వు చిక్కు తీసే మనిషివి, చిక్కు ఎయ్యకు" అన్నాను. అది నేను మీ తాతను మొదటిసారి గద్దించడం. తర్వాత అలవాటైంది ఆయనకు.

"పోదాం పా" అన్నాడు నాయిన అమ్మతో. "నా కర్ర పోయినంక నా చెయ్యి ఎక్కడిది? ఒప్పందం ఒప్పందమే."

నాకు అప్పుడెట్లా నోరు వచ్చిందో తెలియదు. అత్త వింటున్నదని కూడా చూసుకోలేదు. "ఆనవాయితీల చెయ్యి అన్నరు గని కర్ర అనలేదు నాయిన. మాట తెచ్చిన నీకే తెల్వదా? చెయ్యి ఉన్నది గద."

"చేతికి దారం గావాలె, గాలం గావాలె బిడ్డా."

అల వచ్చింది, పోయింది. అత్త కాళ్లు మార్చి నిలబడింది. ఏదో గొంతులో అడ్డం పడ్డట్టు దగ్గింది. తర్వాత ఆగలేకపోయింది.

"అసలా గుండ్రాయి ఎందుకు కట్టావన్నయ్యా? రెండు రోజుల నుంచి చూడలేక చస్తన్నా. గుండ్రంది దొర్లదా? సీసం కట్టాల. అది కూడా మూలలున్న పలకలాగా ఉండాల, ఇసకలో దిగబడి పట్టుకుంటది. ఆ సన్న దారమేంది? ఇక్కడ చేప చెక్కిలి కత్తిలాగా ఉంటది, నూలు దారాన్ని అట్టా కోస్తది. గాలానికి పైన జానెడు ఇత్తడి తీగ ఉండాల్సిందే."

అత్త తండ్రి కొఠార్లలో పని చేసి, తీరిక దొరికితే సముద్రంలో గాలం వేసేవాడట. మా నాయినలాంటివాడే. ఆయనకు కొడుకు కంటే ఈమే తోడు పోయేదట. చిన్నప్పుడు నేర్చింది ఒంట్లోంచి ఎక్కడికి పోతుంది? తప్పుగా కట్టిన దారాన్ని చూసి ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. నేను కోడలు కావడం ఇష్టం లేదు, అది వేరే సంగతి. గుండ్రాయి వేరే సంగతి.

"నీ దగ్గర ఉన్నదా గసొంటి దారం?" అన్నాడు నాయిన.

ఉంది. ఇంటికి పోయి అత్త అటక మీద నుంచి ఒక పెట్టె దించింది. చెక్క ముక్కకు చుట్టిన లావుపాటి దారం, కషాయంలో నానబెట్టి నల్లగా చేసింది. అత్త దాన్ని మొత్తం వేళ్ల మధ్య లాగుతూ చూసింది. "గరుకు తగిలితే అక్కడ కోసి మళ్లీ ముడెయ్యాల. ఒక్క చోట నలిగినా అక్కడే తెగుద్ది" అన్నది. రెండు చోట్ల కోసింది. ముడి వేసి, బిగించేముందు నోట్లో తడి చేసింది, పొడి ముడి రాపిడికి కాలుతుందట. సీసం ఉంది. ఇత్తడి తీగ మామ ఎక్కడినుంచో తెచ్చాడు.

ఆ పెట్టెలోనే ఉన్న అత్త తండ్రి గాలాల డబ్బా తెరిస్తే ఎర్రటి పొడి. లోపల గాలాలు ముట్టుకుంటే విరిగాయి.

"ఆఖరుసారి ఎవరు పెట్టారు వీటిని?" అన్నది అత్త. మామ వాకిట్లో ఏదో పని గుర్తొచ్చినట్టు లేచాడు. "ఉప్పు తడితో అట్టాగే పెట్టారా? మా నాన్న గాలాలు."

"నేను చెంబులో కడిగే పెట్టాగా" అన్నాడు మామ.

"ఏ నీళ్లతో?"

మామ తలపాగా సర్దుకుంటూ బయటికి నడిచాడు. సముద్రం నీళ్లతోనే కడిగాడని అందరికీ అర్థమైంది.

దారం ఉంది, సీసం ఉంది, గాలం లేదు. పొద్దు వాలుతున్నది. నీళ్లు ఎక్కేటప్పుడే చేప ఒడ్డుకు వస్తుందని అత్త చెబుతూ చెబుతూ తల పైకెత్తి ఆగిపోయింది. మా మూట వేలాడుతున్నది కదా అక్కడ.

"అదేంది?"

నాయిన తల దించుకున్నాడు. "మా చోటే మియా చేసిండు. కొక్కెం అనుకో చెల్లె."

అత్త మూట దించి, గాలం విప్పి, మొనను బొటనవేలి గోరు మీద ఆనించి లాగింది. మొన జారకుండా గోరులో దిగి తెల్లటి గీత పడింది. "మొన బాగుంది. ఇట్టా దిగాల, జారితే సాన పట్టాల" అన్నది. తర్వాత వెలుతురులో తిప్పి చూసింది. "ఈ తెలుపేంది?"

"కలాయి అత్తా, గిన్నెలకు ఏసేది. మీరు జూస్తే మర్యాదగ ఉండాలని ఏసిండు" అన్నాను.

"నేను చూడాలనా?" అని అత్త గాలాన్ని కొంగుతో తుడిచింది. "మర్యాద సంగతేమో గానీ, దీనికి తుప్పు అంత తొందరగా పట్టదు. ఎవరో గానీ పుణ్యాత్ముడు" అన్నది.

మళ్లీ సముద్రానికి పోయాము. దారిలో పాత సైకిలు ట్యూబు ముక్క కోసి నాయిన వేలికి తొడిగింది, దారం జారేటప్పుడు వేలు తెగకుండా. రొయ్యను బతికుండగానే తోక దగ్గర గుచ్చింది, అది నీళ్లలో ఆడుతూ ఉంటే చేప వస్తుంది. నీళ్లలోకి దిగేటప్పుడు కాళ్లు ఎత్తి వేయొద్దు, ఇసుకలో ఈడుస్తూ నడవమన్నది. అడుగున టేకు చేప పడుకుని ఉంటే కదిలిపోతుంది, తొక్కితే తోక ముల్లు దింపుతుంది. దారం కొస కట్టే మేకు ఒడ్డున ఎక్కడ పాతాలో కూడా చూపించింది, తడి ఇసుక మీద కాదు, అంతకు ముందు రోజు అల వదిలిపోయిన నాచు గీత ఉంటుందే, దానికి ఇవతల.

"నీళ్లు తాము ఎక్కడి దాకా వచ్చేదీ గీత గీసి చెప్తాయి. చూడటం మనదే ఆలస్యం" అన్నది.

నాయిన దారం తల చుట్టూ తిప్పి విసిరాడు. మొదటిసారి వెనక నిలబడ్డ మామ తలపాగా ఎగిరిపోయింది. "వెనక ఎవరూ ఉండకూడదని చెప్పలా?" అన్నది అత్త. మామ చెప్పలేదన్నాడు. రెండోసారి సీసం పోయి దూరాన పడింది, కదలకుండా కూర్చుంది.

పొద్దు ఎర్రబడుతుండగా దారం బిగిసింది.

"ఆగు, ఏం చెయ్యకు" అన్నది అత్త. "మింగనీ. ఇప్పుడు గుంజు."

నాయిన గుంజాడు. అవతల అంతకంటే గట్టిగా గుంజింది. ట్యూబు ముక్క మీద దారం కీచుమంటూ జారింది. నాయిన కాళ్లు ఇసుకలో గీత గీసుకుంటూ ముందుకు పోయాయి. బావ పట్టుకోబోయాడు.

"ముట్టకు. చెయ్యి నాదే ఉండాలె" అన్నాడు నాయిన.

దారం ఇంకా పోతున్నది. నాయిన భయపడి ఆపుదామని చేతికి చుట్టబోయాడు. నేను అప్పుడు అత్త ముఖం చూశాను బిడ్డా. ఆమె ఒక్క మాట అనకుండా ఊరుకుంటే చాలు, దారం తెగుతుంది, రేపు పొద్దున్న మేము రైలెక్కుతాము, తమ్ముడి కూతురు ఇంటికొస్తుంది. ఆమెకు ఆ ఆలోచన వచ్చిందో లేదో నాకు తెలియదు. నాకైతే వచ్చింది.

"చుట్టకన్నయ్యా, వేళ్లు పోతాయి" అన్నది అత్త. "వదులు. పోనీ. నీ దగ్గర దారం చాలా ఉంది, దాని దగ్గర ఊపిరి కొంచెమే ఉంది. అది ఆగినప్పుడు నువ్వు తీసుకో. అల వెనక్కి పోయేటప్పుడు లాగొద్దు, అల మన వైపు వచ్చేటప్పుడు లాగు, సముద్రమే తెచ్చి ఇస్తది."

నాయిన వదిలాడు, తీసుకున్నాడు, వదిలాడు, తీసుకున్నాడు. అత్త చేతులు గాలిలో అవే పని చేస్తున్నాయి. రెండుసార్లు దారం పట్టుకోబోయి, గుర్తొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుంది. చివరి అలతో అది ఇసుక మీద పడింది. పండుగప్ప. వెండి కాగులా మెరుస్తూ, నా చేతి పొడుగుంది. మూతి అంచున కలాయి గాలం, ఇత్తడి తీగ మీద చెక్కిలి కోసిన గీతలు.

నాయిన దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "నన్ను సూడనీకి ఇంత దూరం వచ్చినవా?" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "ఆఁ, నీ మొఖం అంత సక్కగున్నది మరి" అన్నది.

ఇంటికి వచ్చాము. మామ వాకిట్లో చేప దించి అత్తతో అన్నాడు, "నోరు మూసుకుని ఉంటే నీ తమ్ముడి కూతురు కోడలయ్యేది గదనే."

"మా నాన్న దారం తెగిపోతుంటే ఊరుకుంటానా?" అన్నది అత్త విసుక్కుంటూ. ఖాయమైందనీ అనలేదు, కాలేదనీ అనలేదు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను, లోపలికి రావాలో వద్దో తెలియక. అత్త దారం చెక్కను, గాలాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్కన ఒక చెంబు పెట్టింది.

"ముందు ఇది కడుగు. మంచినీళ్లతో. ఆ చెంబే, ఇంకో చెంబు అడగొద్దు."

పొడుగాటి దారం, ఒక్క చెంబు. మా గట్టు మీద ఎట్లా చేస్తామో అట్లాగే చేశాను. గుడ్డ ముక్క తడిపి, దారాన్ని దాని మధ్యలోంచి లాగుతూ పోయాను. గుడ్డ ఉప్పెక్కగానే పళ్లెంలో పిండి మళ్లీ తడిపాను. గాలాన్ని, సీసాన్ని, తీగను మిగిలిన నీళ్లలో ముంచి తీసి తుడిచాను. దారాన్ని నీడన వేలాడదీశాను, ఎండలో ఆరితే పెళుసెక్కుతుందని. గాలానికి ఆముదం చుక్క రాశాను. చెంబులో ఇంకా రెండు గుక్కలు మిగిలాయి, తులసి మొక్కలాంటిదేదో ఉంటే దానికి పోశాను.

అత్త గడపలో నిలబడి అంతా చూసింది. వంగి దారం చివర నాలుకకు తగిలించింది. ఉప్పు లేదు.

"నది పక్కన పుట్టావుగా, నీళ్లు ఇట్టా వాడటం ఎవరు నేర్పారు?"

"నది కింద ఉంటది అత్తా, మేము మీద ఉంటం. నీళ్లు మోసుకొస్తం."

అత్త ఖాళీ చెంబు చేతిలోకి తీసుకుంది. తర్వాత లోపలికి తిరిగి మామతో, "రేపు పెద్దలతో చెప్పేటప్పుడు పిల్లకు పని వచ్చని చెప్పు. నా నోటితో నేను చెప్పను, పొగరెక్కుద్ది" అన్నది. మరునాడు ఆ పులుసు అందరూ తిన్నారు. మొదటి ముక్క అత్త నా పళ్లెంలో వేసింది. తోక ముక్క, ముళ్లున్నదే. అయినా వేసింది.

తిరుగు దారిలో జాఫర్‌కు ఎండుచేప ఇచ్చాము. చోటే మియాకు గాలం సంగతి చెబితే ఆయన నమ్మలేదు. "నేను ఉత్తగ సోకు కోసమే ఏసిన కురుమన్నా" అని, చాలారోజులు ఊరూరా అదే చెప్పుకుని తిరిగాడు.

అదిగో, పైన ఉల్లిగడ్డల బుట్ట వేలాడుతున్నది కదా, దాని కొక్కెం ఆ గాలమే. అక్కడక్కడ ఇంకా తెలుపుంది చూడు.

సరే, ఇక నీ సంచీ తీసుకో. ఆ చక్రాన్ని ఇంటికి రాగానే మంచినీళ్లతో తుడువు, ధారగా కొట్టకు, ఉప్పు లోపలికి పోతుంది. తుడిచాక బిగించి పెట్టకు, వదులుగా ఆరనీ. గాలం మొన గోరు మీద చూసుకో. వెనక మనిషి లేకుండా విసురు. సామాను నాచు గీతకు ఇవతల పెట్టు. తెలియనిది అక్కడివాళ్లను అడుగు, అడక్కపోతే ఎవరూ చెప్పరు. ఈ ముచ్చట నీ స్నేహితురాళ్లకు రేపు ఒడ్డున కూర్చుని చెప్పు, ఆ తర్వాత నీ పిల్లలకు చెప్పు. చిరుగంటల సంగతి మాత్రం వదిలిపెట్టకు, మా నాయిన అది విని నవ్వేవాడు. మా అత్త పేరు పుల్లమ్మ, చోటే మియా పేరు చోటే మియా. ఆ రెండు పేర్లూ మరిచిపోకుండా చెప్పు బిడ్డా.